ఆపరేషన్ గాయాల ఇన్‌ఫెక్షన్లపై నిఘా: దేశదేశాల లెక్కలు

ఆపరేషన్ కోసం కోసిన చోటగానీ, ఆ కోత గుండా చేరుకున్న అవయవంలోగానీ, నిర్ణీత గడువులోపు పుట్టే ఇన్‌ఫెక్షన్‌ను శస్త్రచికిత్స గాయపు ఇన్‌ఫెక్షన్ అంటారు. వార్డు భాషలో చెప్పాలంటే కుట్లు చీము పట్టడం. ఆసుపత్రుల్లో సోకే ఇన్‌ఫెక్షన్లలో ఇది ఎక్కడైనా ముందు వరుసలోనే ఉంటుంది. పేద, మధ్యాదాయ దేశాల్లోనైతే మొదటి స్థానం దీనిదే. దీని మీద నిఘా అంటే, ఏ రకం ఆపరేషన్లు ఎన్ని జరిగాయో రాసుకోవాలి. వాటిలో ఎన్నింటికి చీము పట్టిందో అందరికీ ఒకటే అయిన నిర్వచనంతో లెక్కించాలి. ఆ లెక్కను తిరిగి ఆ సర్జన్ల చేతికే ఇవ్వాలి. ఆ చివరి పని జరగకపోతే ముందు చేసినదంతా గుమస్తా పని.

ఒక దేశం రేటు 1 శాతమనీ, ఇంకో దేశం రేటు 8 శాతమనీ పక్కపక్కన పెడితే మొదటి దేశం థియేటర్లు శుభ్రంగా ఉన్నాయనిపిస్తుంది. చాలాసార్లు ఆ తేడా థియేటర్‌లో ఉండదు, టెలిఫోన్ దగ్గర ఉంటుంది. రోగి ఇంటికి వెళ్లాక ఎవరైనా ఫోన్ చేసి అడిగారా? ఎన్నో రోజు వరకు అడిగారు? చీము పట్టిందని చెబితే ఏ రిజిస్టర్‌లో రాశారు? ఈ వ్యాసంలో వచ్చే ప్రతి శాతాన్నీ ఈ ప్రశ్నలతో కలిపే చదవాలి.

తొలి లెక్కలు

1847లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ చేసిన పని అందరికీ తెలిసిందే. మొదటి ప్రసూతి విభాగంలో ఆ ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు, క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోవడం మొదలయ్యాక వేసవికల్లా 2 శాతం దగ్గరకు దిగాయి. అక్కడివి ఆపరేషన్ గాయాలు కావు. అయినా రెండు వార్డుల రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చూడడమనే పద్ధతి అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

మన విషయానికి అసలు పూర్వీకుడు ఎడిన్‌బరోలోని జేమ్స్ యంగ్ సింప్సన్. క్లోరోఫాంతో పేరు తెచ్చుకున్న ఈ వైద్యుడు 1860ల చివర్లో బ్రిటన్‌లోని పల్లెల డాక్టర్లకు ఉత్తరాలు రాశాడు. మీరు ఎన్ని కాళ్లు చేతులు తీసేశారు, అందులో ఎంతమంది చనిపోయారు అని అడిగాడు. వచ్చిన జవాబులన్నీ కూడితే 2,098 ఆపరేషన్లయ్యాయి, 226 మంది చనిపోయారు. అంటే దాదాపు 11 శాతం. పెద్ద ఆసుపత్రుల్లో 2,089 ఆపరేషన్లకు 855 మంది, అంటే 41 శాతం పోయారు. రైతు ఇంట్లో, వంటగది బల్ల మీద కాలు తీయించుకోవడం మహానగర ఆసుపత్రిలో తీయించుకోవడం కన్నా క్షేమమని 1869లో ఆయన ప్రకటించేసరికి దుమారం లేచింది. పల్లె డాక్టర్లు బతికినవాళ్లనే గుర్తు పెట్టుకుని రాసి ఉంటారని కొందరన్నారు. మా దగ్గరికి వచ్చేది నలిగిన కాళ్లతో, ముదిరిన జబ్బులతో అని ఆసుపత్రుల సర్జన్లు వాదించారు. నూటయాభై ఏళ్లు గడిచినా ఇన్‌ఫెక్షన్ రేట్లు బయటపెట్టిన ప్రతి చోటా మొదట వినిపించేవి ఈ రెండు అభ్యంతరాలే. రెండింటిలోనూ కొంత నిజం ఉంటుంది.

అదే కాలంలో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లం వాడకముందు 35 అంగచ్ఛేదాలకు 16 మరణాలు, వాడాక 40కి 6 మరణాలు చూపించాడు. ఇప్పటి పత్రికలైతే సంఖ్యలు చాలవని తిప్పి పంపేవేమో. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆసుపత్రులన్నీ ఒకే నమూనా పత్రంలో లెక్కలు నింపాలని 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ప్రతిపాదించింది.

తర్వాత సుమారు వందేళ్ల పాటు గాయాల లెక్క ఎక్కడికక్కడ, ఎవరికి తోచినట్లు వాళ్లు వేసుకున్నదే. 1964లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఐదు ఆసుపత్రుల్లో 15,613 గాయాలను గమనించిన అధ్యయనాన్ని వెలువరించింది. థియేటర్‌లో అతినీలలోహిత దీపాలు వెలిగిస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయా అన్నది అప్పటి ప్రశ్న. దీపాల వల్ల చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. ఆ అధ్యయనం స్థిరపరిచిన వర్గీకరణ మాత్రం నిలిచిపోయింది. శుభ్రమైన గాయం, కొద్దిగా కలుషితమయ్యే అవకాశమున్నది, కలుషితమైనది, ముందే చీము ఉన్నది అంటూ గాయాన్ని నాలుగు తరగతులుగా థియేటర్ నోట్స్‌లో రాయడం నేటికీ అన్ని దేశాల్లో ఉంది. థైరాయిడ్ గడ్డ తీయడం మొదటి తరగతి, పగిలిన అపెండిక్స్ చివరిది.

కాల్గరీ నర్సు

కెనడాలోని కాల్గరీ నగరంలో ఫుట్‌హిల్స్ హాస్పిటల్ సర్జన్ పీటర్ క్రూస్ 1960ల చివర్లో మొదలుపెట్టిన పని దగ్గర కాసేపు ఆగాలి. ఆయన చేసింది చాలా మామూలు పని. ఆసుపత్రిలో జరిగిన ప్రతి ఆపరేషన్ గాయాన్నీ ఒక నర్సు స్వయంగా చూసి కార్డు మీద నమోదు చేసేది. ఇంటికి వెళ్లినవాళ్ల సంగతి కూడా వాకబు చేసేవారు. పదేళ్లలో 62,939 గాయాలయ్యాయి. 1980లో ప్రచురించిన లెక్క ప్రకారం శుభ్రమైన గాయాల్లో చీము 1.5 శాతం, చివరి తరగతిలో 40 శాతం.

ఆ కార్డుల్లోంచి ఎవరూ ఊహించనివి బయటపడ్డాయి. ఆపరేషన్‌కు ముందు రోమాలను రేజర్‌తో గీసినవాళ్లలో ఇన్‌ఫెక్షన్ 2 శాతం దాటింది. క్లిప్పర్‌తో కత్తిరించినవాళ్లలో 1.7 శాతం. అసలేమీ చేయనివాళ్లలో 0.9 శాతం. శుభ్రత పేరుతో చేస్తున్న పనే చర్మాన్ని చిన్నచిన్నగా కోసి సూక్ష్మక్రిములకు చోటిస్తోందన్నమాట. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ రేజర్ వద్దని గట్టిగా చెబుతోంది. అయినా ఆపరేషన్ ముందు రాత్రి రేజర్‌తో నున్నగా గీయడమే పద్ధతిగా సాగే వార్డులు ఇంకా ఉన్నాయి.

క్రూస్ ప్రతి నెలా ఒక్కో సర్జన్‌కు తన రేటు ఎంతో చెప్పేవాడు. చెప్పడం మొదలుపెట్టాక శుభ్రమైన గాయాల రేటు దిగింది. ఈ సంగతిని దేశవ్యాప్తంగా పరీక్షించింది అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ. రాబర్ట్ హేలీ నాయకత్వంలో 1970లలో 338 ఆసుపత్రులను తీసుకుని చేసిన ఈ అధ్యయనం 1985లో వెలువడింది. నిఘా, నియంత్రణ రెండూ గట్టిగా ఉండి, 250 పడకలకు ఒక ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉండి, సర్జన్లకు వారి రేట్లు తెలియజేసే ఏర్పాటున్న ఆసుపత్రుల్లో ఇన్‌ఫెక్షన్లు మొత్తం మీద 32 శాతం తగ్గాయి. అవేమీ లేనిచోట అదే కాలంలో 18 శాతం పెరిగాయి. ప్రపంచంలోని నిఘా వ్యవస్థలన్నీ ఏదో ఒక రూపంలో ఈ అధ్యయనాన్నే ఆధారంగా చూపించుకుంటాయి.

ఏది ఇన్‌ఫెక్షన్, ఏది కాదు

1992లో సీడీసీ నిర్వచనాన్ని తిరగరాసింది. ఇన్‌ఫెక్షన్‌ను లోతును బట్టి మూడు రకాలు చేసింది. చర్మం, దాని కింది కొవ్వు వరకే ఉంటే పైపై ఇన్‌ఫెక్షన్. కండరం, దాని పొర దాకా దిగితే లోతైనది. కడుపులో, కీలులో, ఛాతీ గూటిలో ఉంటే అవయవ ఇన్‌ఫెక్షన్. గాయం నుంచి చీము కారడం, ద్రవాన్ని కల్చర్‌కు పంపితే క్రిమి పెరగడం, నొప్పి, వాపు, ఎర్రదనం ఉన్నాయని సర్జన్ కావాలని కుట్లు విప్పడం, లేదా సర్జన్ ఇది ఇన్‌ఫెక్షనే అని తేల్చడం, వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. కుట్టు దూరిన రంధ్రం దగ్గర చిన్న చీముబొట్టు మాత్రమే ఉంటే లెక్కలోకి రాదు.

కాగితం మీద స్పష్టంగానే ఉంది. ఇక పడక దగ్గరికి వెళదాం. పెద్దపేగు ఆపరేషన్ అయిన ఆరో రోజు డ్రెస్సింగ్ మీద పసుపు రంగు తడి. కొవ్వు కరిగి కారుతున్న నీరు అంటాడు హౌస్ సర్జన్. చీము అంటుంది సిస్టర్. కల్చర్‌కు పంపితే తేలిపోతుంది, కానీ అప్పటికే నాలుగు రోజులుగా యాంటీబయోటిక్ నడుస్తోంది కాబట్టి ఏమీ పెరగకపోవచ్చు. పంపకపోతే తేలదు. సర్జన్ రెండు కుట్లు విప్పి గాయాన్ని కడిగి, కేస్ షీట్‌లో ‘డ్రెస్సింగ్ మార్చాం’ అని రాశాడనుకోండి, ఆ ఆసుపత్రి రేటులో ఒక ఇన్‌ఫెక్షన్ తగ్గినట్లే. కల్చర్ చేసే ల్యాబ్ ఉన్న ఆసుపత్రికి రేటు ఎక్కువగా, లేని ఆసుపత్రికి తక్కువగా వచ్చే విచిత్రం ఇలాగే పుడుతుంది.

గడువు ఇంకో చిక్కు. మామూలు ఆపరేషన్లకు 30 రోజులు. కృత్రిమ కీలు, వాల్వు, ప్లేటు లాంటివి లోపల పెడితే ఒక ఏడాది. ఈ ఏడాదిని అమెరికా 2013 నుంచి 90 రోజులకు కుదించింది. ఏడాది తర్వాత రోగి ఎక్కడున్నాడో వెతకడం శ్రమ, దొరికే ఇన్‌ఫెక్షన్లు కొద్ది అన్నది కారణం. ఇంగ్లండ్ పాత ఏడాది గడువునే పట్టుకుంది. దాంతో ఆరో నెలలో చీము పట్టిన తుంటికీలు లండన్‌లో లెక్కకు వచ్చింది, అట్లాంటాలో రాలేదు.

రోగుల తేడాను సరిచూసే సూచిక 1991లో వచ్చింది. మత్తు డాక్టర్ ఇచ్చే ఆరోగ్య స్థితి అంకె 3 గానీ పైన గానీ ఉంటే ఒక పాయింటు, గాయం కలుషితమైనదైతే ఒకటి, ఆ రకం ఆపరేషన్లలో నాలుగింట మూడు వంతులు ముగిసే సమయాన్ని దాటితే ఒకటి. సున్నా నుంచి మూడు వరకు పాయింట్లు. దీని అందం సరళతలో ఉంది. ఏ దేశంలోనైనా థియేటర్ రిజిస్టర్ చూసి లెక్కకట్టేయవచ్చు. మధుమేహం, ఊబకాయం, పొగ అలవాటు ఇందులో లేవన్నది దీనిమీద ఫిర్యాదు.

అమెరికా, ఐరోపా

అమెరికాలో 1970లో కొన్ని ఆసుపత్రులతో స్వచ్ఛందంగా మొదలైన నమోదు, 2005లో ఎన్‌హెచ్‌ఎస్‌ఎన్ అనే జాతీయ వ్యవస్థగా మారింది. అక్కడ ఇప్పుడు శాతం కన్నా నిష్పత్తికే విలువ ఎక్కువ. ఇలాంటి రోగులకు ఇలాంటి ఆపరేషన్లు చేస్తే ఎన్ని ఇన్‌ఫెక్షన్లు రావచ్చో అంచనా కట్టి, వచ్చినవాటిని దానితో భాగిస్తారు. ఒకటి వస్తే ఊహించినంత, ఒకటి దాటితే ఎక్కువ. 2012 నుంచి పెద్దపేగు ఆపరేషన్, పొట్ట కోసి గర్భసంచి తీసే ఆపరేషన్ ఈ రెండింటి లెక్కలను ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కోసం ఆసుపత్రులు తప్పక ఇవ్వాలి. లెక్కలు బాగాలేని ఆసుపత్రులకు చెల్లింపుల్లో 1 శాతం కోత పెట్టే పథకంలో ఇవి కూడా చేరాయి. డబ్బు ముడిపడ్డాక లెక్క స్వభావం మారుతుంది. ఆ లెక్కలో లోతైనవి, అవయవ ఇన్‌ఫెక్షన్లు మాత్రమే చూస్తారు, పైపైవి వదిలేస్తారు. కేసు సరిహద్దు మీదున్నప్పుడు ఏ పక్కకు రాయాలన్నది ఇక వైద్య ప్రశ్న మాత్రమే కాదు.

ఇంగ్లండ్ 1997లో స్వచ్ఛంద నిఘా ప్రారంభించి, 2004 ఏప్రిల్ నుంచి ఎముకల ఆపరేషన్లకు తప్పనిసరి చేసింది. ఎముకల విభాగమున్న ప్రతి ట్రస్టూ (ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే సంస్థ) తుంటి మార్పిడి, మోకీలు మార్పిడి, తుంటి ఎముక విరిగినప్పుడు చేసే ఆపరేషన్, పొడవెముకల విరుపుల్లో కనీసం ఒకదాన్ని, ఏడాదిలో కనీసం మూడు నెలలు గమనించాలి. ఫలితాలు ట్రస్టుల పేర్లతోనే ప్రచురిస్తారు. మూడు నెలల నిబంధనకు లొసుగు ఉంది. గమనిస్తున్నారని తెలిసిన మూడు నెలలూ మిగతా తొమ్మిది నెలల్లా ఉంటాయని ఎవరు చెప్పగలరు? స్కాట్లాండ్, వేల్స్ సిజేరియన్ల మీద కూడా దృష్టి పెట్టాయి. బిడ్డ పుట్టాక ఇంటికి వచ్చే మిడ్‌వైఫ్ గాయాన్ని చూసి రాసే ఏర్పాటు ఉండడంతో అక్కడ ఆ లెక్కకు బలమొచ్చింది.

నెదర్లాండ్స్‌లో ప్రెజీస్ అనే వ్యవస్థ 1996 నుంచి ఉంది. అందులో చేరడం స్వచ్ఛందమే, కానీ చేరితే తనిఖీకి తలుపు తీయాలి. బయటి బృందం వచ్చి కొన్ని కేస్ షీట్లు తీసి, ఇన్‌ఫెక్షన్ లేదన్న చోట నిజంగానే లేదా అని చూస్తుంది. ఐదేళ్ల పాటు కొనసాగిన ఆసుపత్రుల్లో ప్రమాదం నాలుగో ఏట 31 శాతం, ఐదో ఏట 57 శాతం తగ్గిందని డచ్చి పరిశోధకులు 2006లో చూపారు. మొదటి రెండు మూడేళ్లలో పెద్దగా మార్పు కనిపించకపోవడం గమనించాలి. నిఘా పెట్టిన ఏడాదికే ఫలితం అడిగే అధికారులకు ఈ లెక్క చూపించాలి.

జర్మనీలో 1997లో మొదలైన కిస్ వ్యవస్థ బెర్లిన్ కేంద్రంగా నడుస్తుంది. 2001 నాటి ఇన్‌ఫెక్షన్ రక్షణ చట్టం ఆసుపత్రులు తమ లెక్క తామే పెట్టుకోవాలంది, కానీ దాన్ని అందరికీ చూపించమనలేదు. లెక్క రహస్యంగా ఉంటేనే నిజం రాస్తారన్నది జర్మన్ల నమ్మకం. ఇంగ్లండ్‌ది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఏది మేలో తేల్చడం కష్టం. నా మటుకు, తనిఖీ లేని బహిరంగ లెక్క కన్నా తనిఖీ ఉన్న రహస్య లెక్కే నమ్మదగింది. ఫ్రాన్స్ 1999 నుంచి, ఫిన్లాండ్ కూడా అదే ఏడు నుంచి జాతీయ స్థాయిలో నమోదు చేస్తున్నాయి. స్విట్జర్లాండ్‌లో స్విస్‌నోసో సంస్థ రోగులకు ఫోన్ చేయించడంలో, ఆసుపత్రులను తనిఖీ చేయడంలో పట్టుదలగా ఉంటుంది. అందుకే అక్కడి రేట్లు పొరుగు దేశాల కన్నా ఎక్కువగా కనిపించడం మామూలే.

ఐరోపా సమాఖ్య స్థాయిలో ఈ లెక్కలన్నిటినీ 2008 నుంచి స్టాక్‌హోంలోని ఐరోపా వ్యాధి నియంత్రణ కేంద్రం ఈసీడీసీ కలుపుతోంది. 2017 సంవత్సరానికి 6,48,512 ఆపరేషన్లు, 10,149 ఇన్‌ఫెక్షన్లు నమోదయ్యాయి. ఆపరేషన్ రకాన్ని బట్టి రేటు 0.5 నుంచి 10.1 శాతం దాకా ఉంది. పెద్దపేగు ఆపరేషన్లు పైకొసలో, మోకీలు మార్పిడి లాంటివి కింది కొసలో. ఈ వరుస ఏ దేశంలోనైనా పెద్దగా మారదు. పేగులో క్రిములు ముందే కాపురం ఉంటాయి, మోకాలిలో ఉండవు.

జపాన్‌లో జానిస్ వ్యవస్థ 2002 నుంచి, దక్షిణ కొరియాలో కోనిస్ 2000ల రెండో సగం నుంచి ఆపరేషన్ గాయాలను లెక్కిస్తున్నాయి. ఆస్ట్రేలియాలో దేశమంతటికీ ఒకటే వ్యవస్థ లేదు. విక్టోరియా రాష్ట్రానికి మాత్రం 2002 నుంచి సొంత కేంద్రం ఉంది. న్యూజిలాండ్ 2013 నుంచి తుంటి, మోకీలు మార్పిడితో మొదలుపెట్టింది.

ఇంటికి వెళ్లాక

ఒకప్పుడు పిత్తాశయం తీయించుకుంటే వారం పైన ఆసుపత్రిలో ఉండేవారు. ఇప్పుడు రెండో రోజే ఇంటికి. చీము సాధారణంగా ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య బయటపడుతుంది. కాబట్టి డిశ్చార్జి వరకే చూసే నిఘాకు కనబడేది కొద్దిభాగమే. ఆసుపత్రి బస ఎంత తగ్గితే రేటు అంత తగ్గినట్లు కనిపిస్తుంది, ఒక్క క్రిమి కూడా తగ్గకుండానే.

దీనికి ఒక్కో దేశం ఒక్కో దారి వెతుక్కుంది. నార్వేలో 2005 నాటి నిబంధన ప్రకారం నడిచే వ్యవస్థ రోగి ఇంటికి ప్రశ్నావళితో ఉత్తరం పంపుతుంది. గాయం బాగాలేదని రోగి రాస్తే డాక్టర్ ధ్రువీకరణ అడుగుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా 30 రోజుల సమాచారం దొరుకుతుంది. జనాభా రిజిస్టర్లో అందరి చిరునామా ఉన్న దేశానికి ఇది సాధ్యం. ఇతర చోట్ల మళ్లీ చేర్చుకున్న రోగులనే లెక్కించి సరిపెడతారు. దాంతో పెద్ద ఇన్‌ఫెక్షన్లు దొరుకుతాయి, మందుబిళ్లలతో తగ్గినవి జారిపోతాయి.

ఫోన్ పద్ధతి మన దగ్గర నడిచే తీరు ఇలా ఉంటుంది. ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు ముప్ఫయ్యో రోజున కేస్ షీట్ మీది నంబరుకు చేస్తుంది. ఆ నంబరు కొడుకుది, ఆయన హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు, అమ్మ ఊళ్లో ఉంటుంది. సాయంత్రం మళ్లీ చేస్తే అమ్మ దొరుకుతుంది. ‘బాగానే ఉన్నానమ్మా’ అంటుంది. నర్సు అక్కడ ఆపేస్తే ఇన్‌ఫెక్షన్ లేనట్లు. ఆపకుండా ‘కుట్ల దగ్గర నీరుగానీ చీముగానీ కారిందామ్మా? ఊళ్లో ఎవరికైనా చూపించుకున్నారా?’ అని అడిగితే, ‘మధ్యలో కాస్త కారిందిలే, ఆర్‌ఎంపీ ఐదు రోజులు ఇంజక్షన్లు వేసి కట్టు కట్టాడు, మానిపోయింది’ అని జవాబొస్తుంది. ప్రశ్న అడిగిన తీరును బట్టి రేటు మారడమంటే ఇదే.

పేద దేశాల లెక్కలు

2018లో వెలువడిన గ్లోబల్‌సర్జ్ అధ్యయనం 66 దేశాల్లో 343 ఆసుపత్రుల నుంచి జీర్ణకోశ ఆపరేషన్లయిన 12,539 మందిని 30 రోజులు గమనించింది. మానవాభివృద్ధి సూచిక బాగున్న దేశాల్లో 9.4 శాతం మందికి, మధ్యస్థ దేశాల్లో 14 శాతం మందికి, అట్టడుగు దేశాల్లో 23.2 శాతం మందికి చీము పట్టింది. ఒకే నిర్వచనం, ఒకే గడువు పెట్టుకున్న లెక్క కాబట్టి ఈ తేడాలో నిఘా మాయ తక్కువ. క్రిమిని గుర్తించిన కేసుల్లో సుమారు ఐదింట ఒకటి, ఆపరేషన్ ముందు ఇచ్చిన యాంటీబయోటిక్‌కు లొంగనిది. ఆఫ్రికాలో సిజేరియన్ అయిన తల్లుల్లో 20 శాతం దాకా ఇన్‌ఫెక్షన్ బారిన పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

డబ్బు లేని ఆసుపత్రి నిఘా ఎలా పెట్టాలి? కెన్యా, ఉగాండా, జాంబియా, జింబాబ్వేలలో ఐదు ఆసుపత్రులు 2013 నుంచి 2015 వరకు చేసిన ప్రయత్నం దీనికి మంచి జవాబు. నిఘా మొదలుపెట్టి, తమ రేటు తాము చూసుకుని, ఆపరేషన్ ముందు స్నానం, చర్మం శుభ్రపరచడం, చేతుల శుద్ధి, యాంటీబయోటిక్ సకాలంలో ఇవ్వడం లాంటి కొన్ని పనులను గట్టిగా పట్టుకున్నాయి. స్పిరిట్ ఆధారిత చేతి ద్రావణాన్ని అక్కడికక్కడే కలుపుకున్నాయి. 4,322 ఆపరేషన్ల లెక్కలో ఇన్‌ఫెక్షన్ 8 శాతం నుంచి 3.8 శాతానికి దిగింది. ఈ అనుభవం తర్వాత 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వనరులు తక్కువున్న ఆసుపత్రుల కోసం వేరే నిఘా పద్ధతిని రూపొందించింది. కల్చర్ ల్యాబ్ లేకున్నా గాయాన్ని చూసి తేల్చే వీలు అందులో ఉంది.

నిఘా లెక్క గట్టిపడితే ప్రయోగాలకూ వీలవుతుంది. భారత్‌తో సహా ఏడు దేశాల్లో 13,301 మంది మీద జరిగి 2022లో వెలువడిన చీతా ప్రయోగంలో, పొట్ట మూసేముందు గ్లవ్స్, పరికరాలు మార్చడమనే చిన్న పనితో ఇన్‌ఫెక్షన్ 18.9 నుంచి 16 శాతానికి తగ్గింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

మన దేశంలో అన్ని ఆసుపత్రులకూ వర్తించే తప్పనిసరి జాతీయ నమోదు లేదు. ఉన్నవి ముక్కలు. అర్జెంటీనాకు చెందిన విక్టర్ రోసెంతాల్ స్థాపించిన అంతర్జాతీయ కూటమిలో చేరిన ఆరు భారతీయ నగరాల్లోని పది ఆసుపత్రులు 28,340 ఆపరేషన్లకు 4.2 శాతం అని చూపాయి. ఢిల్లీ ఎయిమ్స్, ఐసీఎంఆర్ కలిసి నడిపే ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ల నిఘా వలయం రక్తం, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లతో మొదలై ఆపరేషన్ గాయాల వైపు వచ్చింది. ఆసుపత్రుల నాణ్యతను చూసే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోరే ఆసుపత్రులు తమ గాయాల రేటు లెక్క పెట్టుకోవాలి. 2020లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలూ నిఘా గురించి చెప్పాయి. ఇటీవలి ఐసీఎంఆర్ అధ్యయనంలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో మూడు వేల మందికి పైగా రోగులను గమనిస్తే 5.2 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. అందులో మూడింట రెండు వంతులు డిశ్చార్జి అయ్యాకే దొరికాయి. ఇంటికి వెళ్లినవాళ్లను అడగకపోతే ఆ రేటు రెండు శాతం దగ్గర కనిపించేది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సమస్య ముఖ్యంగా సిజేరియన్లది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5. తొలి కాన్పు తర్వాత బాలింత పుట్టింట్లో ఉంటుంది, రిజిస్టర్లో అత్తింటి చిరునామా ఉండవచ్చు. అయితే బిడ్డ కోసమని ఆశా కార్యకర్త 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లే కార్యక్రమం ముందే ఉంది. 30 రోజుల గడువు అందులో చక్కగా ఇమిడిపోతుంది. కానీ ఆమె కంటపడిన చీము, ఆపరేషన్ చేసిన ఆసుపత్రి లెక్కలోకి దానంతటది వెళ్లదు. ప్రైవేటు ఆసుపత్రి అయితే మరీనూ.

నిఘా లేనిచోట ఇన్‌ఫెక్షన్ మరణంగా మాత్రమే బయటపడుతుంది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్దిరోజుల్లో నలుగురు చనిపోయారు. ఆ తర్వాతే మిగతా 30 మందిని హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించి పరీక్షించారు.

గడువు దాటి వచ్చేవి

ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లు చేసే భారతీయ సర్జన్లకు బాగా తెలిసిన తలనొప్పి ఒకటుంది. బొడ్డు దగ్గరి చిన్న రంధ్రం మానిపోతుంది, రోగి పనికి వెళ్లిపోతుంది. వారాల తర్వాత అక్కడ గడ్డ లేచి, నీరు కారుతుంది. మామూలు యాంటీబయోటిక్స్‌కు లొంగదు, మామూలు కల్చర్‌లో ఏమీ కనిపించదు. క్షయ కుటుంబానికి చెందినా క్షయ కాని మైకోబాక్టీరియాలు దీనికి కారణం. పరికరాలను గ్లుటరాల్డిహైడ్‌లో కొద్దిసేపు ముంచి, కుళాయి నీళ్లతో కడిగి మళ్లీ వాడడం వీటికి దారి. మందు నెలల తరబడి వాడాలి. ఈ ఇన్‌ఫెక్షన్లలో చాలావాటిని 30 రోజుల నిఘా పట్టుకోలేదు.

ఇదే కుటుంబపు మరో క్రిమి ఐరోపాలో పెద్ద వ్యవస్థలనే తప్పించుకుంది. గుండె ఆపరేషన్ సమయంలో రక్తాన్ని వేడి, చల్లన చేసే యంత్రపు నీటి తొట్టెలోంచి మైకోబాక్టీరియం కిమేరా గాలిలోకి లేచి, తెరిచిన ఛాతీలో పడిందని జ్యూరిక్ వైద్యులు కనిపెట్టారు. రోగులు జబ్బుపడింది ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ల తర్వాత. అన్ని గడువులూ దాటాక. ఇద్దరు రోగుల్లో ఒకే అరుదైన క్రిమి కనిపించేసరికి ఒక బృందానికి అనుమానమొచ్చి తవ్వడం వల్లే అది దొరికింది. తర్వాత చాలా దేశాలు తమ పాత రోగులను వెతకాల్సివచ్చింది.

యంత్రాల చేతికి

నర్సులు ఒక్కో కేస్ షీట్ తిరగేయడం ఖరీదైన పని. డెన్మార్క్ 2015లో ప్రారంభించిన హైబా వ్యవస్థ తుంటి, మోకీలు మార్పిడి తర్వాత వచ్చే లోతైన ఇన్‌ఫెక్షన్లను ల్యాబ్ ఫలితాలు, మళ్లీ చేసిన ఆపరేషన్ల రికార్డులు కలిపి దానంతటదే లెక్కిస్తుంది. నెదర్లాండ్స్‌లో మధ్యస్థ మార్గం తొక్కారు. కల్చర్ పంపడం, యాంటీబయోటిక్ ఎక్కువ రోజులు నడవడం, మళ్లీ చేర్చుకోవడం, మళ్లీ కోయడం లాంటి గుర్తులున్న కేసులను కంప్యూటర్ ఏరుతుంది, వాటినే మనిషి చూస్తాడు. పైపై ఇన్‌ఫెక్షన్లకు ఈ దారి పనికిరాదు, వాటి జాడ కంప్యూటర్లో పడదు.

రువాండాలో దీనికి పూర్తిగా వేరే దారి వెతికారు. కిరెహె జిల్లాలో సిజేరియన్ అయిన తల్లి ఇంటికి పదో రోజు ప్రాంతంలో ఆరోగ్య కార్యకర్త వెళ్లి, ఫోన్‌తో గాయం ఫొటో తీసి పంపే పద్ధతిని పరిశోధకులు పరీక్షించారు. ఫొటో చూసి ఇన్‌ఫెక్షన్ అవునో కాదో చెప్పడాన్ని కంప్యూటర్‌కూ నేర్పే ప్రయత్నం చేశారు. ఎరుపు రంగు మీద ఆధారపడిన పాఠ్యపుస్తకపు వర్ణన నల్లని చర్మం మీద సరిగా పనిచేయదు కాబట్టి, అక్కడి తల్లుల ఫొటోలతోనే నేర్పాల్సివచ్చింది.